యాకోబు జేబులో సీసా పెట్టినవాడు

అతను చనిపోయాడన్న కబురు మొదటి షిఫ్టు వాళ్లతో పాటే లాంపు రూము కిటికీ దగ్గరికి వచ్చింది. పర్ణశాల పక్కన ఏదో ఊళ్లో పాటల ప్రోగ్రాం చేసుకుని బండి మీద వస్తూ, భద్రాచలం చేరకముందే ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాడట. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే పని నాది. కిటికీలోంచి దీపం అందుకోబోతున్న మనిషి, మీసాలు నెరిసినవాడు, చెయ్యి వెనక్కి తీసుకుని గోడకు ఒరిగి ఏడ్చాడు. ఆ పూట చాలామంది డ్యూటీ ఎక్కలేదు. మధ్యాహ్నానికల్లా కాలనీ మలుపులో ఫ్లెక్సీ లేచింది. అందులో అతను నల్లకళ్లద్దాలు పెట్టుకుని, దీవిస్తున్నట్టు చెయ్యెత్తి నిలబడ్డాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగలేదు. బాధతో కాదు, రోతతో.

అతని పేరు రాయను. ఊరందరి పేర్లూ వాడుకుని బతికినవాడి పేరు నేనొక్కణ్ణి రాయకపోతే మునిగేదేమీ లేదు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు మనుషులకు ఎలాగూ తెలుసు. తెలియనివాళ్లు అదృష్టవంతులు.

మా క్వార్టర్ల లైనులోనే పుట్టాడు. హైదరాబాదులో మేనమామ ఇంట్లో కొన్నాళ్లు ఉన్నప్పుడు ఎవరో ఇంగ్లీషు క్యాసెట్ వినిపించారట. పాడనక్కర్లేదు, దరువు మీద గబగబా మాటలు పేర్చుకుంటూ పోతే చాలని అర్థం చేసుకుని తిరిగొచ్చాడు. టీవీవాళ్లు దాన్ని ర్యాప్ అంటారు. మావాళ్లు స్పీడు పాట అన్నారు. మొదట పెళ్లిళ్లలో, తర్వాత క్యాసెట్లలో, సీడీల్లో, ఆ తర్వాత ఫోన్లలో పెట్టుకునే గోరంత చిప్పుల్లో అతని గొంతే. ఆటో ఎక్కితే అదే, టీకొట్టు దగ్గర అదే, దవాఖానా బయట శవం కోసం ఎదురుచూసేవాళ్ల జేబుల్లోనూ అదే.

మనిషి ఎలా ఉండేవాడో చెప్పాలంటే ముందు అతని చేతి వేళ్ల గురించి చెప్పాలి. ఒక్క క్షణం ఊరుకునేవి కావు. మనం తినబోతున్న టిఫిన్ డబ్బా మూత మీద, బస్సులో ముందు సీటువాడి వీపు మీద, చంటిపిల్లల పొట్ట మీద, ఎక్కడ పడితే అక్కడ దరువు వేసేవి. పాట మొదలుపెట్టే ముందు స్టేజీ పక్కకు తిరిగి ఉమ్మేవాడు. కాలర్‌తో మూతి తుడుచుకునేవాడు. అదే నోటితో మైకు దాదాపు మింగేసేవాడు. అతని తర్వాత ఆ మైకు పట్టుకుని నేనొకసారి ప్రకటన చేయాల్సి వచ్చింది. దాని వాసన ఇప్పటికీ గుర్తుంది. చనువు కూడా అలాగే ఉండేది. నీ ప్లేటులోని మిరపకాయ బజ్జీ అడక్కుండా తీసుకుని, కొరికి, కారమైతే మిగతాది మళ్లీ నీ ప్లేటులోనే పెట్టేవాడు. నేను ముఖం చిట్లిస్తే చుట్టూ ఉన్నవాళ్లు నన్నే చూసి నవ్వేవాళ్లు. వాళ్లకది ఎంగిలి కాదు, ప్రసాదం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మందు ముట్టేవాడు కాదు. సోడా తాగి తాగుబోతులా తూలేవాడు స్టేజీ మీద.

జనం ఎందుకంత పడిచచ్చేవాళ్లని బయటి ఊళ్లవాళ్లు అడిగితే నేను చెప్పేదొకటే. పేర్లు. ప్రోగ్రాం మధ్యలో స్టేజీ దిగి గుంపులోకి పోయి, ఎవడో ఒకడి భుజం మీద చెయ్యేసి నీ పేరేంది మామా, ఏ బాయి అని అడిగేవాడు. వాడు నోరు మూసేలోపే వాడి పేరుకు కలిసే మాట ఒకటి వెతికి పాటలో బిగించేసేవాడు. కోల్ కట్టరు, బొగ్గు టబ్బులు తోసేవాడు, బస్టాండులో జామకాయలమ్మే ముసలమ్మ, చర్ల బస్సు కండక్టరు, అందరూ అతని పాటల్లో ఉన్నారు. జన్మలో మైకులో తన పేరు వినని మనిషికి అదెంత మత్తో ఊహించండి. పేరుంటేనే పాట అనేవాడు. ఆ జామకాయల ముసలమ్మను పాటలో దొంగతూకం ముసల్ది అన్నాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు సరికదా, పాట వచ్చినప్పుడల్లా ఇది నేనేనని పక్కవాళ్లకు చూపించుకునేది.

ఇక తిట్టేవాళ్లు. వాళ్లకూ కొదవ లేదు. మా మందిరంలో పాస్టరుగారు ఆదివారం వాక్యం మధ్యలో అతని పాటలను సాతాను అల్లరి అనేవారు. ఆయన కొడుకు ఫోన్‌లో ఆ అల్లరి మొత్తం ఉండేది. ఖమ్మంలో ఒక లెక్చరరు, అతను తెలుగును బజారుకీడ్చాడని సభపెట్టి మాట్లాడాడు. లుంగీ మీద బూట్లేమిటని ఒకరు, ఆ బూతులేమిటని ఇంకొకరు. అందరూ అన్ని పాటలూ విన్నవాళ్లే, వినకుండా తిట్టినవాడు ఒక్కడూ లేడు. వాళ్లను చూసినా నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే అడగాల్సిన మాట వాళ్లలో ఒక్కరూ అడగలేదు. మా బావ జేబులో సీసా ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఆ సంగతికే వస్తున్నా.

మా అక్క భర్త యాకోబు బాయిలో బండ కూలి పోయాడు. ఆ రోజు అతనికి దీపం ఇచ్చింది నేనే. దీపం నడుముకు తగిలించుకుని గేటు దగ్గరికి పోయి, అందరిలాగే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. అక్కడ జేబులు తడిమి చూస్తారు. బీడీ గానీ అగ్గిపెట్టె గానీ దొరికితే దిగనివ్వరు. లోపల గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ చాలు అందరినీ బుగ్గి చేయడానికి. అగ్గిపుల్లనే పోనివ్వని చోట మందు సీసా పోదని బొగ్గుబాయి ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. బావకు అసలు ఆ అలవాటే లేదు. తంబాకు నమిలేవాడు. అక్కకు అదీ నచ్చేది కాదు. దవాఖానావాళ్లు ఇచ్చిన బట్టల్లో, చొక్కా జేబులో, బొగ్గునీళ్లకు నానిన తంబాకు పొట్లం ఒకటి దొరికింది. దాన్ని పారేయకుండా అక్క కిటికీలో ఎండబెట్టింది.

సమాధుల తోటకు అతనూ వచ్చాడు. పెట్టెను గుంత పక్కన బల్ల మీద దించి ప్రార్థన చేస్తుంటే నా పక్కనే నిలబడి, కళ్లు మూసుకోకుండా, బావ పేరేంటని చెవిలో అడిగాడు. ఇంటిపేరు వద్దట, పిలిచే పేరు కావాలట. పాపం ప్రార్థనలో తలుచుకుంటాడు కాబోలనుకుని చెప్పాను. చెప్పి కిందికి చూద్దును గదా, అతని వేళ్లు శవపెట్టె అంచు మీద దరువు వేస్తున్నాయి. మెల్లగా, ఎవరికీ వినపడకుండా. నేను చెయ్యి పట్టుకుని తీసేశాను. అయ్యో అన్నట్టు నావైపు చూసి చేతులు కట్టుకున్నాడు. చంకలో దాచుకున్నా ఆ వేళ్లు ఆగలేదు, చొక్కా కింద కదులుతూనే ఉన్నాయి.

నెల తిరక్కముందే పాట వచ్చింది. పాట మొత్తం చెడ్డదంటే అబద్ధమవుతుంది. పైకప్పుకు దుంగలు పెట్టించకుండా మనుషుల్ని లోపలికి తోలిన ఓవర్‌మన్‌ను అందులో కడిగిపారేశాడు. ఆ మాట అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు. కానీ పాట మొదలయ్యేది ఇలాగ:

“బాయిల దిగే యాకోబు, సీసతోటి నిండె జేబు.”

అంతే. ఆ ఒక్క చరణంతో చచ్చినవాడు తాగుబోతయ్యాడు. దుంగల సంగతి ఎవరికీ గుర్తులేదు, సీసా అందరికీ గుర్తుండిపోయింది. ఆ ఓవర్‌మనే దాన్ని ఫోన్‌లో రింగుటోన్‌గా పెట్టుకున్నాడు. హాజరు మస్టరు వేసే చోట ఆ ఫోను మోగితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను కిటికీ వెనక నిలబడి విన్నాను. గేటు దగ్గర చేతులెత్తి జేబులు తడిమించుకుంటూ, పెదాలతో ఆ చరణమే పలికేవాళ్లను చూశాను. ఛీ, వీళ్ల బతుకులు అనుకున్నాను. తమ జేబులు ఖాళీ అని తెలిసినవాళ్లే పక్కవాడి జేబులో సీసా ఉందని పాడుతుంటే ఇంకేమనాలి?

అక్కకు కంపెనీ దవాఖానాలో ఆయా పని ఇచ్చారు. అక్కడ కట్లు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు పేరడిగి, యాకోబు భార్యవా అని, వెంటనే మూతి బిగబట్టి నవ్వు ఆపుకునేవాళ్లు. ఒక రోజు పని నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా పద అంది. ఇద్దరం అతని ఇంటికి వెళ్లాం. అన్నం తింటున్నాడు. అక్కను చూసి లేచాడు, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుర్చీ లాగి దాన్ని లుంగీతో తుడిచాడు. మర్యాద తెలియనివాడు కాదు. అక్క కూర్చోలేదు. ఒక్క మాట తీసేయమని అడిగింది. అతను నిజంగానే ఇబ్బంది పడ్డాడు.

“యాకోబుకు జేబు తప్ప ఇంకోటి కలుస్తలేదు అక్కా. జేబంటే మరి అండ్ల ఏదో ఒకటి ఉండాలె గదా.”

మనిషి చచ్చిపోతే ఇతనికి వచ్చిన కష్టం ఇదన్నమాట. నాకు కొట్టాలనిపించింది. అక్క మాత్రం స్థిమితంగా ఉంది.

“తంబాకు పొట్లం ఉండె. అదే వెట్టు,” అంది.

అతను కంచం అంచు మీద, మెతుకులంటిన వేళ్లతోనే, దరువు వేసి చూసుకున్నాడు. తంబాకుతోటి నిండె జేబు. ఇంకోసారి వేశాడు. ముఖం వెలిగిపోయింది. చక్కగా కుదిరిందన్నాడు. మే డే నాడు కాలనీ గ్రౌండులో మార్చి పాడతానని, నీ మీద ఒట్టని, ఆ ఎంగిలి చేత్తోనే అక్క చెయ్యి పట్టుకోబోయాడు. అక్క పట్టుకోనిచ్చింది. అదే నాకు మింగుడుపడలేదు. అంత సులువుగా మారే మాటను ముందే ఎందుకు అడిగి రాయలేదో అతనికి తట్టలేదు, నేను అడిగితే తెల్లమొహం వేశాడు. సీసా అన్నది అతనికి అబద్ధం కాదు. దరువుకు సరిపోయిన మాట, అంతే.

ఇంటికొచ్చాక గొడవ. అక్క కూతురు రూతు అప్పుడు ఇంటర్ చదువుతోంది. తన తండ్రిని తాగుబోతు చేసినవాడి పాటలన్నీ దానికి కంఠతా వచ్చు. వాడి బొమ్మ ఒకటి పుస్తకాల అర తలుపుకు లోపలివైపు అంటించుకుంది. చింపేయబోతే అడ్డం నిలబడింది. నీకు సిగ్గు లేదా అని అడిగాను. ఏడవలేదు, అరవలేదు.

“బండ వడ్డనాడు వచ్చిన లీడర్లకు నాయన పేరే తెల్వకపోయె మామా. కాయితం జూసి చదివిండ్రు. ఇప్పుడు చర్ల అడవిల పోడు చేసుకునేటోళ్లకు గూడ తెలుసు. కోయ మాటల నడుమ నాయన పేరు పాడుతుండ్రని మా దోస్తు చెప్పింది. నువ్వు గట్ల ఎవరితోనన్న పలికిస్తవా?”

నేను వెనక్కి తగ్గాను. అక్క మాత్రం పేరు బతికితే చాలా, ఏ పేరుతో బతుకుతున్నాడో చూడవా అంది. ఆ తర్వాత చాలా రోజులు తల్లీకూతుళ్లు ఒకే కప్పు కింద ఉండి ఒకరితో ఒకరు అవసరానికి మించి మాట్లాడుకోలేదు. పాట ఎక్కడో మోగితే కూతురి పెదాలు కదిలేవి, తల్లి లేచి వంటింట్లోకి పోయేది. బయట ఊరంతా రెండుగా చీలి కొట్టుకునేది మా ఇంట్లో నాలుగు గోడల మధ్య జరిగేది.

మే డే సాయంత్రం అక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. రూతు కూడా వచ్చింది, తల్లి పక్కన కాకుండా కొంచెం ముందు నిలబడింది. గ్రౌండు నిండా జనం. బాయివాళ్లు, వాళ్ల భార్యలు, పాల్వంచ నుంచి, భద్రాచలం నుంచి లారీల్లో వచ్చిన కుర్రాళ్లు. ఉపన్యాసాలు జనం ఓపికగా భరించారు. అతను స్టేజీ ఎక్కగానే భూమి అదిరింది. పక్కకు తిరిగి ఉమ్మాడు. కాలర్‌తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత గుంపులో అక్కను వెతుక్కుని, తల వంచి దండం పెట్టాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దరువు మొదలైంది. బాయిల దిగే యాకోబు అన్నాడు. అన్నాక, తంబాకు అని నోరు తెరిచాడు. నేను విన్నాను, ఆ మాట మొదటి ముక్క మైకులోంచి వచ్చింది. అప్పటికే గ్రౌండంతా సీసతోటి నిండె జేబు అని ఒక్క గొంతుతో అరిచేసింది. అతను ఆగి, చెయ్యి అడ్డంగా ఊపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి జనం ఇంకా గట్టిగా అరిచారు. మాట మార్చబోతున్నాడని అర్థమై, మార్చనివ్వకూడదని ఆటగా పట్టుకున్నారు. నవ్వుతున్నారు. కార్మికుల పండగ నాడు, బాయిలో చచ్చిన కార్మికుణ్ణి, కార్మికులే.

అతను దరువు ఆపించాడు. నిశ్శబ్దమైంది. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. యాకోబు తాగేవాడు కాదు, ఆ మాట నేను కల్పించాను అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. ఆ జనం అతను ఏం చెప్పినా వినేవాళ్లు. అతను జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. నేను అతని ముఖాన్నే చూస్తున్నాను కాబట్టి ఆ మార్పు నాకు తెలుసు. ముందు భయం, తర్వాత ఆశ, తర్వాత నవ్వు. బాయిల దిగే యాకోబు అని ఒక్కసారి అని, చెయ్యి చాచి మైకును జనం వైపు తిప్పాడు. రెండో చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

వాళ్లు ఇచ్చేశారు అతనికి కావలసింది.

అక్క నా చెయ్యి వదిలేసింది. జనంలోంచి దారి చేసుకుంటూ బయటికి నడిచింది. నేను మాత్రం ఉన్నాను, అతను దిగేదాకా మెట్ల దగ్గర నిలబడ్డాను. చెమటలు కక్కుతూ దిగి నన్ను చూసి మెడ మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి తడి ఇప్పటికీ నా మెడ మీద ఉన్నట్టే ఉంటుంది.

“నేనైతే మార్చిన అన్నా. జనం మారనియ్యలే. నేనేం జేయాలె?”

ఒక మనిషి గురించి ఎంత రాసినా అతని లోపలిదంతా ఒక మాటలో దొరికే రోజు ఒకటి ఉంటుంది. నాకు ఆ రోజు దొరికింది. అతను దుర్మార్గుడు కాదు. దుర్మార్గుడైతే నాకు ఇంత అసహ్యం ఉండేది కాదు, తిట్టి మరిచిపోయేవాణ్ణి. అతనికి జనం అరుపు అన్నం లాంటిది. ఆ ఆకలి ముందు ఒట్టు, చావు, ఆడమనిషి కట్టుకొచ్చిన ఉతికిన చీర ఏవీ నిలవలేదు. అభిమానులు ప్రేమించింది ఆ ఆకలినే. మనల్ని చూసి ఇంతగా ఆకలిగొన్నవాడు ఇంకెవడున్నాడని వాళ్ల మురిపెం. మెడ మీది చెయ్యి తీసేసి ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కున్నాను.

ఆ తర్వాత అతను మా లైనులోకి వచ్చినా మా గుమ్మం వైపు చూసేవాడు కాదు. ఇదిగో, ఇప్పుడు పోయాడు.

పోయిన మర్నాడు లోకల్ కేబుల్ టీవీ కుర్రాడొకడు కెమెరా భుజాన వేసుకుని వచ్చాడు. పాటల్లో పేర్లున్న వాళ్లందరినీ కలుస్తున్నాడట. అక్క ఎదుట మైకు పెట్టి, మీ ఆయన పేరు అంత పెద్ద పాటలో ఉన్నందుకు ఎలా అనిపిస్తోందని అడిగాడు. నేను వాణ్ణి వెళ్లగొట్టబోయాను. అక్క వద్దంది. తల దువ్వుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది. ఇన్నేళ్లకు తన ముందుకొక మైకు వచ్చింది మరి.

“మా ఆయన తాగకపోతుండె,” అంది కెమెరాలోకి సూటిగా చూస్తూ. “బాయిల జేబులు జూసే దింపుతరు, మీకందరికి ఎరికె. సీస లేకుండె. చచ్చిపోయినోళ్లను నేను తిట్ట. గిదొక్కటి చెప్పుండ్రి.”

కుర్రాడు తప్పకుండా వస్తుందని చెప్పి వెళ్లాడు. సాయంత్రం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. రూతు కళ్లు ఉబ్బి ఉన్నాయి, పొద్దున్నుంచి అతని కోసం ఏడ్చింది. కొందరి తర్వాత అక్క ముఖం వచ్చింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. మాట ఉండాల్సిన చోట పాట పెట్టారు. బాయిల దిగే యాకోబు అని అతని గొంతు. కింద ఎర్ర పట్టీ మీద అక్షరాలు పోతున్నాయి, అభిమాని కన్నీటి నివాళి అని.

అక్క కదల్లేదు. నేను లేచి టీవీ కట్టేయబోయాను. నాకంటే ముందు రూతు రిమోట్ అందుకుంది. కట్టేయలేదు, సౌండు మొత్తం తగ్గించింది. గదిలో పాట పోయింది. తెర మీద తల్లి పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. రూతు వాటినే చూస్తూ, ఒక్కో మాటా ఆ పెదాలతో పాటే పైకి పలికింది.

“మా నాయన తాగకపోతుండె. సీస లేకుండె.”

తెర మీద ఇంకెవరిదో ముఖం వచ్చింది. అక్క మాత్రం టీవీ వైపు చూడటం ఎప్పుడో మానేసింది.

“ఇంకోసారి అను బిడ్డా,” అంది.